నిత్యజీవితంలో ఇంగ్లీషు: రేపటి మాటకు తూకం

పరీక్ష రాసి ఇంటికి వచ్చిన అమ్మాయిని "పాసవుతావా?" అని తల్లి అడిగితే, తెలుగులో ఆమె ఎన్నో రకాలుగా బదులు చెప్పగలదు. "తప్పకుండా అవుతాను", "అవుతాననే అనుకుంటున్నాను", "అవ్వొచ్చు", "ఏమో, చెప్పలేను", "కష్టమేనమ్మా". ఒక్కొక్క జవాబులో నమ్మకం పాలు ఒక్కో విధంగా ఉంటుంది. తల్లి ఆ తేడాను వెంటనే గ్రహిస్తుంది. అదే ప్రశ్న ఇంగ్లీషులో ఎదురైనప్పుడు మాత్రం మనలో చాలామంది నోట ఒకే వాక్యం వస్తుంది: "ఐ విల్ పాస్." ధీమాగా ఉన్నా అదే, లోలోపల గుండె దడదడలాడుతున్నా అదే.

దీన్ని చిన్న వ్యాకరణ విషయమని కొట్టిపారేయడానికి వీలులేదు. "ఐ విల్" అన్న మాటను ఎదుటివారు తరచుగా వాగ్దానంగా స్వీకరిస్తారు. సోమవారం పనిలో చేరతానని ఒక సంస్థకు చెబితే, వారు ఆ రోజుకు మీ కోసం పని సిద్ధం చేసుకుంటారు. చేరగలనో లేదో మీకే తెలియనప్పుడు ఆ మాట అనడం వల్ల వారికీ నష్టం, మీ మాటకూ నష్టం. తెలిసినంతవరకే చెప్పడం, తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకోవడం నిజాయితీలో భాగం. మనసులో ఎంత నమ్మకముందో, ఎంత సందేహముందో అంతే చెప్పడానికి కావలసిన మాటలు ఇంగ్లీషులో పుష్కలంగా ఉన్నాయి. ఈ నెల వాటిని నేర్చుకుందాం.

నమ్మకపు మెట్లు

పరీక్షనే ఉదాహరణగా తీసుకొని, పై మెట్టు నుంచి ఒక్కొక్కటిగా కిందికి దిగుదాం.

"ఐ విల్ డెఫినెట్లీ పాస్." – తప్పకుండా పాసవుతాను.
"ఐ యామ్ షూర్ ఐ విల్ పాస్." – పాసవుతానని నాకు గట్టి నమ్మకం ఉంది.
"ఐ విల్ ప్రాబబ్లీ పాస్." – బహుశా పాసవుతాను, అయ్యే అవకాశమే ఎక్కువ.
"ఐ థింక్ ఐ విల్ పాస్." – పాసవుతాననే అనుకుంటున్నాను.
"ఐ మే పాస్", "ఐ మైట్ పాస్." – పాస్ కావచ్చు, కాకపోనూ వచ్చు.
"ఐ డోంట్ థింక్ ఐ విల్ పాస్." – పాసవుతానని అనుకోవడం లేదు.
"ఐ ప్రాబబ్లీ వోంట్ పాస్." – బహుశా పాస్ కాను.
"ఐ డెఫినెట్లీ వోంట్ పాస్." – కచ్చితంగా పాస్ కాను.

ఇక్కడ నాలుగు సంగతులు గమనించాలి.

మొదటిది, మాట ఉండే చోటు. "ప్రాబబ్లీ", "డెఫినెట్లీ" అనేవి "విల్" తరువాత వస్తాయి. "వోంట్"కు మాత్రం ముందు వస్తాయి. "ఐ విల్ ప్రాబబ్లీ కమ్" అంటాం. కానీ "ఐ ప్రాబబ్లీ వోంట్ కమ్" అంటాం.

రెండవది, "మే", "మైట్" అనే జంట. నిత్య సంభాషణలో ఈ రెండింటికీ తేడా చాలా స్వల్పం. "మైట్"లో సందేహం ఒక పిసరు ఎక్కువ. మాట్లాడేటప్పుడు "మైట్" ఎక్కువగా వినిపిస్తుంది. "మేబీ" అనే మాట వాడదలిస్తే దాన్ని వాక్యం మొదట ఉంచి, తరువాత "విల్" వాడండి: "మేబీ ఐ విల్ గో." "మేబీ ఐ మే గో" అంటే ఒకే సందేహాన్ని రెండుసార్లు చెప్పినట్లవుతుంది.

మూడవది, "కాదు" అనే అర్థం ఎక్కడ చేరుతుందన్నది. తెలుగులో "రాననుకుంటున్నాను" అంటాం. వ్యతిరేకార్థం "రాను" అనే మాటలోనే ఉంది. ఇంగ్లీషు వాడుకలో అది "థింక్" మీదికి జరుగుతుంది: "ఐ డోంట్ థింక్ ఐ విల్ కమ్." "ఐ థింక్ ఐ వోంట్ కమ్" అనడం తప్పు కాదు కానీ, మొదటిదే సహజమైన వాడుక. "హోప్" దగ్గర మాత్రం ఇది తలకిందులవుతుంది. "ఐ హోప్ ఐ డోంట్ ఫెయిల్" అనాలి. "ఐ డోంట్ హోప్ ఐ ఫెయిల్" అనకూడదు.

నాలుగవది, ఉచ్చారణ. "వోంట్" అంటే "విల్ నాట్". దీనిలో "వో" దీర్ఘంగా పలకాలి. "వాంట్" అంటే కోరుకోవడం. "ఐ వోంట్ గో" అనవలసినచోట "ఐ వాంట్ గో" అని పలికితే, వెళ్ళనన్న మనిషి వెళ్ళాలనుకుంటున్నట్లు వినిపిస్తాడు. ఈ జంటను గట్టిగా పలుకుతూ పదిసార్లు సాధన చేయడం మంచిది.

"అనుమానం" తెచ్చే చిక్కు

తెలుగులో "అనుమానం" అనే మాట రెండు వైపులా పని చేస్తుంది. "వాడు వస్తాడా అన్నది అనుమానమే" అంటే రాకపోవచ్చునని అర్థం. "నా ఉద్యోగం పోతుందేమోనని అనుమానంగా ఉంది" అంటే పోవచ్చునని భయం. ఇంగ్లీషులోని "డౌట్" మొదటి పని మాత్రమే చేస్తుంది. జరగదని అనిపించినప్పుడే "ఐ డౌట్" అనాలి.

గల్ఫ్‌లో పని చేస్తున్న ఒక సోదరుడిని ఊహించుకోండి. సంస్థలో మనుషులను తగ్గిస్తున్నారు. తనకు సహాయం చేయగల పైఅధికారి దగ్గరకు వెళ్ళి, ఉద్యోగం పోతుందేమోనన్న భయాన్ని చెప్పబోయి, "ఐ డౌట్ ఐ విల్ లూజ్ మై జాబ్" అన్నాడనుకుందాం. ఆ అధికారికి అర్థమయ్యేది ఇది: "నా ఉద్యోగం పోతుందని నేననుకోవడం లేదు." సంతోషమే కదా అనుకొని ఆయన తన పనిలో తాను మునిగిపోతాడు. ఆ సోదరుడు అనవలసింది, "ఐ యామ్ అఫ్రైడ్ ఐ మైట్ లూజ్ మై జాబ్."

అదే సోదరుడు ఈ ఏడాది సెలవు దొరకదని అనుకుంటుంటే, "ఐ డౌట్ ఐ విల్ గెట్ లీవ్ దిస్ ఇయర్" అనడం సరైనదే. జరగదని అనిపిస్తే "ఐ డౌట్". జరుగుతుందేమోనని భయపడితే "ఐ యామ్ అఫ్రైడ్ ఐ మైట్". ఈ ఒక్క సూత్రం గుర్తుంచుకుంటే చాలు.

డాక్టర్ గదిలో దీని అవసరం ఇంకా ఎక్కువ. పరీక్షలు చేసిన డాక్టర్ "ఐ డౌట్ యు విల్ నీడ్ యాన్ ఆపరేషన్" అంటే, ఆపరేషన్ అవసరం ఉండకపోవచ్చునని ఆయన ఊరటనిస్తున్నారు. దాన్ని "ఆపరేషన్ పడుతుందేమోనని అనుమానం" అని అర్థం చేసుకొని ఇంటిల్లిపాదీ కంగారు పడవలసిన అవసరం లేదు.

మన తరగతి గదుల్లో విద్యార్థులు "సార్, ఐ హావ్ ఎ డౌట్" అంటారు. ఒక ప్రశ్న అడగాలని వారి ఉద్దేశం. భారతదేశంలో ఇది అందరికీ అర్థమవుతుంది. విదేశాల్లో మాత్రం మీరు చెప్పినది నమ్మడం లేదన్న భావం కలగవచ్చు. అక్కడ "ఐ హావ్ ఎ క్వశ్చన్" అనడమే క్షేమం.

హోప్, ఎక్స్‌పెక్ట్, విష్

ఆశకు సంబంధించిన ఈ మూడు మాటలను మనం తరచుగా ఒకదానికి బదులు మరొకటి వాడుతుంటాం. మూడింటికీ మూడు వేర్వేరు దారులున్నాయి.

"హోప్" మనసులోని కోరిక. జరగవచ్చు, జరగకపోవచ్చు, జరగాలని మన ఆశ. "ఐ హోప్ ఐ గెట్ ఎ సీట్." – నాకు సీటు రావాలని ఆశిస్తున్నాను. "ఐ హోప్ టు బికమ్ ఎ టీచర్." – టీచర్‌ను కావాలని నా ఆశ.

"ఎక్స్‌పెక్ట్" బుద్ధి వేసే అంచనా. దానికి ఏదో ఒక ఆధారం ఉండాలి; అది మనం కోరుకున్నదే కానవసరం లేదు. "ఐ ఎక్స్‌పెక్ట్ టు గెట్ ఎ సీట్" అంటే, ర్యాంకు చూసుకున్నాను, వస్తుందనే అంచనా ఉంది అని అర్థం. "ఐ ఎక్స్‌పెక్ట్ ది ఫీజ్ టు గో అప్" అని కూడా అంటాం. ఫీజు పెరగాలని ఎవరూ కోరుకోరు కదా! ఎదుటివారి విషయంలో ఈ మాటను జాగ్రత్తగా వాడాలి. "ఐ ఎక్స్‌పెక్ట్ యు టు కమ్" అంటే ఆహ్వానంలా కాక ఆజ్ఞలా వినిపిస్తుంది. అతిథితో "ఐ హోప్ యు కెన్ కమ్" అనడం మర్యాద. ఇంకొక్క మాట: ఒక స్త్రీ గురించి "షీ ఈజ్ ఎక్స్‌పెక్టింగ్" అని ఆపేస్తే, ఆమె గర్భవతి అని అర్థం. ఫలితాల కోసం ఎదురుచూస్తున్న అక్కయ్య గురించి చెప్పేటప్పుడు "షీ ఈజ్ ఎక్స్‌పెక్టింగ్ హర్ రిజల్ట్స్" అని వాక్యాన్ని పూర్తిచేయాలి.

"విష్" చాలావరకు వాస్తవంలో లేనిదాని గురించి. "ఐ విష్ ఐ విల్ పాస్" అనడం సరికాదు. "ఐ హోప్ ఐ పాస్" అనాలి. నికాహ్‌కు పిలుపు వచ్చినప్పుడు "ఐ విష్ ఐ కుడ్ కమ్" అని జవాబిస్తే, రావాలనే ఉంది కానీ రాలేను అని అర్థం. పిలిచినవారు మీ పేరును లెక్కలోంచి తీసేస్తారు. రాగలరో లేదో ఇంకా తేలకపోతే "ఐ హోప్ ఐ కెన్ కమ్" అనాలి. "ఐ విష్ యు సక్సెస్" అని ఒకరికి శుభం కోరడం మాత్రం సరైన ప్రయోగమే.

ఎదురుచూస్తున్న సంతోషానికి మరొక నుడికారం ఉంది: "ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు సీయింగ్ యు." – మిమ్మల్ని కలుసుకునే క్షణం కోసం ఆసక్తిగా ఎదురుచూస్తున్నాను. ఇందులో "టు సీ" అనకూడదు, "టు సీయింగ్" అనాలి.

"వస్తే" – ఇఫ్, వెన్

"ఉద్యోగం వస్తే ఇల్లు మారతాం" అనే తెలుగు వాక్యంలో ఉద్యోగం ఖాయమా కాదా అన్నది సందర్భాన్ని బట్టి తెలుస్తుంది. ఇంగ్లీషులో ఈ రెండింటికీ వేర్వేరు మాటలున్నాయి. ఖాయం కాకపోతే "ఇఫ్ ఐ గెట్ ది జాబ్, వి విల్ మూవ్." ఖాయమై, రోజు కోసం చూస్తుంటే "వెన్ ఐ గెట్ ది జాబ్, వి విల్ మూవ్." వీసా ఇంకా మంజూరు కాకముందే "వెన్ ఐ గెట్ ది వీసా" అంటే, అది వచ్చి తీరుతుందని ముందే లెక్కవేసుకున్నట్లు వినిపిస్తుంది.

ఈ రెండు మాటల వెంట వచ్చే భాగంలో "విల్" రాదు. "ఇఫ్ ఐ విల్ గెట్ ది వీసా" అని మనవారు తరచుగా అంటుంటారు. "ఇఫ్ ఐ గెట్ ది వీసా, ఐ విల్ గో ఇన్ మార్చ్" అనాలి. "విల్" రెండవ భాగానికే పరిమితం.

నిర్ణయం ఎప్పుడు జరిగింది?

భవిష్యత్తు గురించి చెప్పే ప్రతి వాక్యానికీ "విల్" అవసరం లేదు. ముందే ఆలోచించి నిశ్చయించుకున్నదానికి "గోయింగ్ టు" వాడతాం: "ఐ యామ్ గోయింగ్ టు లర్న్ టైలరింగ్." – టైలరింగ్ నేర్చుకోవాలని నిశ్చయించుకున్నాను. రోజు, సమయం, టికెట్ అన్నీ ఏర్పాటైపోయినదానికి "ఐ యామ్ లీవింగ్ ఆన్ ఫ్రైడే" అంటాం. ఇంకా ఆలోచనలోనే ఉంటే "ఐ యామ్ థింకింగ్ ఆఫ్ లర్నింగ్ టైలరింగ్." ఏదీ తేల్చుకోలేకపోతే "ఐ హావ్ నాట్ డిసైడెడ్ యెట్." అప్పటికప్పుడు తీసుకున్న నిర్ణయానికీ, మాట ఇవ్వడానికీ "విల్": "డోంట్ వరీ, ఐ విల్ హెల్ప్ యు."

ఇన్‌షా అల్లాహ్ అనే మాట

రేపటి గురించి మాట్లాడేటప్పుడు మన ఇళ్లలో "ఇన్‌షా అల్లాహ్" అనడం రివాజు. రేపు ఫలానా పని చేస్తానని చెప్పేటప్పుడు అల్లాహ్ చిత్తాన్ని ప్రస్తావించాలన్న బోధ దివ్య ఖుర్ఆన్‌లోని కహఫ్ సూరా 23, 24 ఆయతులలో ఉంది. ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు దీన్ని వదిలేయాలా అని కొందరు సందేహపడతారు. వదలనవసరం లేదు. ఇంగ్లీషు నిఘంటువులలో కూడా ఈ మాటకు చోటు దొరికింది. ఎదుటివారికి తెలియదనుకుంటే "గాడ్ విల్లింగ్" అనవచ్చు. అది ఇంగ్లీషులో ఎంతో కాలంగా ఉన్న నుడికారమే. స్పానిష్ వారు "అలా జరిగితే ఎంత బాగుంటుందో" అనే అర్థంలో వాడే "ఓహలా" అనే మాట కూడా అల్లాహ్ చిత్తాన్ని ప్రస్తావించే అరబీ మాట నుంచే వచ్చింది. స్పెయిన్ గడ్డ మీద శతాబ్దాలపాటు అరబీ వినిపించిన రోజుల గుర్తు అది.

అయితే ఒక విషయంలో జాగ్రత్త అవసరం. "విల్ యు కమ్ టుమారో?" అని అడిగితే కేవలం "ఇన్‌షా అల్లాహ్" అని ఊరుకుంటే, వస్తామన్నామో రామన్నామో ఎదుటివారికి తెలియదు. రాననడానికి మొహమాటపడి ఈ పవిత్రమైన మాట చాటున దాక్కునేవారూ ఉన్నారు. అది ఈ మాటకు చేసే అన్యాయం. ఫలితం అల్లాహ్ చేతిలో ఉందని మాత్రమే ఈ మాట చెబుతుంది. మన సంకల్పం ఎంత గట్టిదో మనమే చెప్పాలి. "ఐ విల్ బి దేర్ ఎట్ టెన్, ఇన్‌షా అల్లాహ్" అనండి. సందేహముంటే "ఐ మైట్ బి లేట్, బట్ ఐ విల్ కమ్, ఇన్‌షా అల్లాహ్" అనండి. రాలేకపోతే "ఐ యామ్ అఫ్రైడ్ ఐ కాంట్ కమ్" అని సౌమ్యంగా చెప్పేయండి. ఇక్కడ "అఫ్రైడ్" అంటే భయం కాదు. విచారం తెలిపే మర్యాద.

పొట్టి జవాబులు

సంభాషణలో ప్రతిసారీ పూర్తి వాక్యం చెప్పనక్కర్లేదు.

"విల్ యువర్ బ్రదర్ కమ్ ఫర్ ఈద్?" – "ఐ హోప్ సో." (రావాలనే ఆశ.)
"విల్ యు పాస్?" – "ఐ థింక్ సో." (అవుతాననే అనుకుంటున్నాను.)
"విల్ యు హావ్ టు లీవ్ యువర్ జాబ్?" – "ఐ హోప్ నాట్." (ఆ పరిస్థితి రాకూడదనే ఆశ.)
"విల్ ఇట్ కాస్ట్ మోర్?" – "ఐ యామ్ అఫ్రైడ్ సో." (విచారకరమే కానీ, అవును.)
"కెన్ యు స్టే టిల్ సండే?" – "ఐ యామ్ అఫ్రైడ్ నాట్." (క్షమించాలి, ఉండలేను.)

ఒక ఇంటర్వ్యూ

నర్సింగ్ చివరి సంవత్సరం పరీక్షలు రాసిన ఒక అమ్మాయి ఆసుపత్రిలో ఇంటర్వ్యూకు వెళ్ళింది. ఈ సంభాషణను ఇద్దరు కలిసి బిగ్గరగా చదవండి.

అధికారి: వెన్ కెన్ యు జాయిన్?
అమ్మాయి: ఐ యామ్ ఎక్స్‌పెక్టింగ్ మై రిజల్ట్స్ ఇన్ జూన్. ఇఫ్ ఐ పాస్, ఐ కెన్ జాయిన్ ఇన్ జులై.
అధికారి: ఆర్ యు షూర్ యు విల్ పాస్?
అమ్మాయి: ఐ థింక్ ఐ విల్. ది లాస్ట్ పేపర్ వాజ్ హార్డ్, బట్ ది అదర్స్ వెంట్ వెల్.
అధికారి: విల్ నైట్ షిఫ్ట్స్ బి ఎ ప్రాబ్లమ్?
అమ్మాయి: ది ఫస్ట్ మంత్ మైట్ బి డిఫికల్ట్. బట్ ఐ యామ్ గోయింగ్ టు స్టే ఇన్ ఎ హాస్టల్ నియర్‌బై, సో ఐ డోంట్ ఎక్స్‌పెక్ట్ ఎనీ ప్రాబ్లమ్ ఆఫ్టర్ దట్.
అధికారి: వేర్ డూ యు సీ యువర్‌సెల్ఫ్ ఇన్ ఫైవ్ ఇయర్స్?
అమ్మాయి: ఐ హోప్ టు బి ఎ సీనియర్ నర్స్ బై దెన్. ఐ మైట్ స్టడీ ఫర్దర్, బట్ ఐ యామ్ నాట్ షూర్ యెట్.

ఈ అమ్మాయి ఎక్కడా లేని ధీమా ప్రదర్శించలేదు. అలాగని తనను తాను తగ్గించుకోనూ లేదు. చివరి పేపరు కష్టంగా వచ్చిందని ఒప్పుకుంది. మిగిలినవి బాగా రాశానని చెప్పింది. నైట్ డ్యూటీ మొదట్లో కష్టం కావచ్చునంటూనే, దానికి తాను చేసుకున్న ఏర్పాటును "గోయింగ్ టు"తో తెలిపింది. ఐదేళ్ల తరువాతి సంగతిని "హోప్"తోనూ, ఇంకా తేలని పైచదువును "మైట్"తోనూ చెప్పింది. "ఐదేళ్లలో మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు?" అన్న ప్రశ్నకు జోస్యం అవసరం లేదు, దిశ తెలిపితే చాలు.

విదేశాలకు వెళ్ళదలచినవారు రాసే ఐఈఎల్‌టీఎస్ పరీక్షలో మాట్లాడే భాగం 11 నుంచి 14 నిమిషాలు ఉంటుంది. చదువు, ఉద్యోగం, ఇల్లు, కుటుంబం వంటి పరిచిత విషయాలతో అది మొదలవుతుంది. అక్కడ మున్ముందు ఏం చేయదలచారని అడిగితే "ఐ విల్, ఐ విల్" అని ఒకే పాట పాడకుండా, ఈ మెట్లన్నింటినీ వాడగలిగితే భాష మీద పట్టు తెలుస్తుంది.

ఈ నెల అభ్యాసం

కింది వాక్యాలను ఇంగ్లీషులో చెప్పండి. జవాబులు చూడకముందే ప్రయత్నించండి.

1. బహుశా నేను రేపు రాను.
2. రైలు తప్పిపోతుందేమోనని భయంగా ఉంది.
3. జీతం పెరిగితే కంప్యూటర్ కొంటాను. (పెరుగుతుందో లేదో తెలియదు.)
4. ఈ ఏడాది ఉమ్రాకు వెళ్ళాలని ఆశిస్తున్నాం.
5. నాకు సెలవు దొరుకుతుందని అనుకోవడం లేదు.

జవాబులు:
1. "ఐ ప్రాబబ్లీ వోంట్ కమ్ టుమారో."
2. "ఐ యామ్ అఫ్రైడ్ ఐ మైట్ మిస్ ది ట్రైన్."
3. "ఇఫ్ మై శాలరీ గోస్ అప్, ఐ విల్ బై ఎ కంప్యూటర్."
4. "వి హోప్ టు గో ఫర్ ఉమ్రా దిస్ ఇయర్."
5. "ఐ డోంట్ థింక్ ఐ విల్ గెట్ లీవ్." "ఐ డౌట్ ఐ విల్ గెట్ లీవ్" అన్నా సరైనదే.

రాత్రి భోజనాల వేళ ఇంట్లో ప్రతి ఒక్కరూ మరొకరిని రేపటి గురించి ఒక ప్రశ్న ఇంగ్లీషులో అడగండి. జవాబు చెప్పేవారు ముందు తమ మనసును తామే ప్రశ్నించుకోవాలి: ఇది నా నిశ్చయమా, అంచనానా, ఆశా, భయమా? అది తేలితే సరైన మాట దానంతట అదే నోటికి వస్తుంది. చిన్నపిల్లలు ఈ ఆటను త్వరగా పట్టుకుంటారు. పెద్దలు వారి దగ్గర నేర్చుకోవడంలో నామోషీ ఏమీ లేదు.

గడిచిపోయినదాని గురించి "అలా చేసి ఉండవలసింది" అని ఇంగ్లీషులో ఎలా చెప్పాలో వచ్చే సంచికలో నేర్చుకుందాం, ఇన్‌షా అల్లాహ్.